తీగల కథ చెప్పినాయన

తెర మీద చదివింది తెర మీదే వదిలేసే అలవాటు మాకు చాలా ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు ప్రింటు తీసుకునేవాళ్లం. ఆఫీసులో అందరూ ఇళ్లకు వెళ్లాక, మేనేజరు గది పక్కనుండే లేజర్ ప్రింటర్ దగ్గర నిలబడి, ఒక్కొక్కటే బయటికొచ్చే వేడి కాగితాలను ఆ మాడిన టోనరు వాసనతో సహా ఎవరి కంటా పడకుండా మడిచి బ్యాగులో దోపుకుని, రాత్రి కుక్కర్లో అన్నం ఉడికేలోగా కార్పెట్ మీద బోర్లా పడుకుని చదివేవాళ్లం. పైన ఎడమ మూల సైటు పేరు, కింద కుడి మూల తేదీ, సగంలో తెగి రెండో లైనులోకి జారిన వెబ్ చిరునామా, బొమ్మ రావలసిన చోట ఎర్ర గుర్తుతో ఖాళీ పెట్టె. టెక్నాలజీ వార్త అనగానే నాకు ఇప్పటికీ ముందు ఆ ఖాళీ పెట్టే గుర్తొస్తుంది. తర్వాత స్టేపుల్ పిన్ను, పసుపు హైలైటరు గీత.

ఆ కాగితాల మీద తరచూ కనపడిన పేరు ఓం మాలిక్. ఢిల్లీ మనిషి. సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో కెమిస్ట్రీ చదివి, 1993లో న్యూయార్క్ చేరి, ఆ ఊళ్లోని మనవాళ్లకు ఎక్కడ ఏ పార్టీ జరుగుతోందో చెప్పే దేశీపార్టీ.కామ్ అనే సైటొకటి నడిపి, ఫోర్బ్స్ పత్రిక సొంత వెబ్‌సైటు పెట్టుకున్న కొత్తలో అందులో చేరి, మధ్యలో కొన్నాళ్లు పెట్టుబడుల కంపెనీలో పనిచేసి, 2000లో రెడ్ హెరింగ్ పత్రికకు వచ్చినాయన. వెబ్‌సైటుకు రాసేవాళ్లను అచ్చు పత్రికల విలేకరులు తమ వరసలో కూర్చోబెట్టుకోని రోజులవి. వెబ్ అంటే అచ్చులో చోటు చాలని వార్తలు పారబోసే చోటు అనుకునేవారు. తెర మీదే పని నేర్చుకుని, తెర మీదే పేరు తెచ్చుకున్న మొదటి తరం టెక్నాలజీ విలేకరుల్లో ఆయనొకడు. నిజం చెప్పాలంటే ఆయన మీద మాకు ఆసక్తి పుట్టింది రాత వల్ల కాదు, పేరు వల్ల.

“ఎవర్రా ఈయన, మనవాడేనా?”

“మనవాడంటే మరీ మన జిల్లా కాదులే మామా, ఢిల్లీ.”

ఈ మాటలు జరిగింది టెక్సస్‌లో, డాలస్ పక్కనున్న రిచర్డ్‌సన్ అనే ఊళ్లో, ఒక కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్ హౌస్‌లో. గెస్ట్ హౌస్ అని పేరేగానీ అది రెండు పడకగదుల అపార్ట్‌మెంటు, అందులో ఏడెనిమిది మందిమి. ప్రాజెక్టు లేకుండా బెంచి మీద ఉన్నవాళ్లు, ప్రాజెక్టు పోయి మళ్లీ బెంచి మీదికి వచ్చినవాళ్లు, నిన్ననే హైదరాబాదు నుంచి దిగి ఇంకా సూట్‌కేసు తాడు విప్పనివాళ్లు. గోడ వారగా గాలి తీసేసిన పరుపులు, ఇరవై పౌన్ల బియ్యం సంచి, ప్రియా గోంగూర సీసాలు, ఖాళీ అయ్యాక ఉప్పు పోసుకున్న ప్రియా ఆవకాయ సీసాలు. మూల బల్ల మీద అందరికీ కలిపి ఒకటే డెస్క్‌టాప్, దానికి 56కే మోడెం, దాని వెనక ఒకే ఒక్క ఫోను లైను. ఎవరైనా నెట్‌లో ఉంటే ఫోను ఎంగేజ్. ఆ సమయంలో ఎవరికో ఇంటర్వ్యూ కాల్ వచ్చి తగలక వెనక్కి పోయేది, ఆ సంగతి కన్సల్టెన్సీ వాళ్ల తిట్లలో సాయంత్రం తెలిసేది, ఆ రాత్రి వంట వంతు ఎవరిదైనా సరే గొడవ మాత్రం మోడెం దగ్గరే జరిగేది. ఈ ప్రింటు తీసుకోవడాలు కూడా అందుకే: లైను మీద కూర్చుని తీరిగ్గా చదవడమంటే పక్కవాడి ఉద్యోగం మీద కూర్చోవడమే. ఆ గదిలో ఎవరమూ ఒంటరిగా ఉండలేదన్నది నిజం, ఎవరికీ ఒక్కరోజూ కంటినిండా నిద్ర లేదన్నదీ అంతే నిజం. ఆ స్నేహాలే స్నేహాలని మా వాళ్లు ఇప్పుడు కలిసినప్పుడల్లా అంటుంటారు. నాకైతే ముందు బాత్‌రూం బయట క్యూ గుర్తొస్తుంది.

రిచర్డ్‌సన్‌లో ఉండబట్టే ఆయన రాతలు మాకు పట్టాయి. 75వ నంబరు హైవే వెంబడి నోర్టెల్, ఎరిక్సన్, ఆల్కాటెల్, ఫుజిట్సు, వరల్డ్‌కామ్ బోర్డులున్న అద్దాల భవనాలు వరసగా నిలబడ్డ ఆ మేరను టెలికాం కారిడార్ అనేవారు. మా ప్రాజెక్టులన్నీ ఆ భవనాల్లోంచే రావాలి, పోతే అక్కడే పోవాలి. ఆ భవనాల లోపల ఏం జరుగుతోందో మా మేనేజర్లు చెప్పరు, కన్సల్టెన్సీ వాళ్లకు తెలియదు. తెర మీద ఈయన చెప్పేవాడు.

కథ మామూలుది కాదు. 1996లో అమెరికా తన టెలికాం చట్టాన్ని తిరగరాసి తలుపులు బార్లా తీసింది. ఫోను కంపెనీ పెట్టడానికి వాల్‌స్ట్రీట్ అడిగినవాడికల్లా అప్పిచ్చింది. ఇంటర్నెట్ రద్దీ వంద రోజులకోసారి రెట్టింపవుతోందని వరల్డ్‌కామ్ మనుషులు చెబితే ప్రభుత్వమూ పత్రికలూ దాన్నే వల్లించాయి. అంత లేదు, ఏడాదికోసారి రెట్టింపవుతోందంతే అని ఆండ్రూ ఓడ్లిజ్కో అనే గణితజ్ఞుడు లెక్కలు కట్టి చూపించినా ఆ హోరులో విన్నవాళ్లు తక్కువ. రైలు పట్టాల పక్కన, రోడ్ల కింద, సముద్రాల అడుగున గాజు తీగలు పరిచారు. తవ్వకం ఖర్చుతో పోలిస్తే తీగ ఖర్చు ఎంత, ఎలాగూ తవ్వాం కదా అని ఒక పోగు చాలిన చోట వందల పోగులు పాతేశారు. అది చాలదన్నట్టు, ఒకే పోగులో రకరకాల రంగుల కాంతిని ఒకేసారి పంపే పరికరాలు వచ్చి ఒక్కో పోగు డజన్ల పోగుల పని చేయడం మొదలెట్టింది. పెళ్లికి వంద మంది వస్తారని తెలిసీ వెయ్యి మందికి వండించి, ఆ వంట సామాను కూడా అరువు మీదే తెచ్చినట్టయింది వ్యవహారం. భూమిలో పడుకున్న ఆ పోగుల్లో చాలావాటిలో దీపం వెలగనే లేదు. డార్క్ ఫైబర్ అనేవారు వాటిని. తీగలు పరిచిన కంపెనీల్లో గ్లోబల్ క్రాసింగ్ 2002 జనవరిలో దివాలా తీసింది, వరల్డ్‌కామ్ అదే ఏడాది జూలైలో. వరల్డ్‌కామ్ దొంగ లెక్కలు చివరికి 1,100 కోట్ల డాలర్ల దగ్గర తేలాయి. దాని పెద్ద బెర్నీ ఎబ్బర్స్‌కు 2005లో 25 ఏళ్ల జైలు పడింది. ఈ మొత్తం గోలనంతా కలిపి ఓం మాలిక్ 2003లో బ్రాడ్‌బాండిట్స్ అనే పుస్తకం రాశాడు. 75,000 కోట్ల డాలర్ల దోపిడీ అని అట్ట మీదే వేశాడు.

మా గదిలో ఒకతను కాంతి పంపే ఆ పరికరాలనే పరీక్షించే ల్యాబులో పనిచేసేవాడు. ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటుంటే రాత్రి షిఫ్టులో ఒక్కడే కూర్చునేవాడట. ఒక శుక్రవారం వెళ్లేసరికి బ్యాడ్జికి తలుపు తెరుచుకోలేదు. తర్వాత అతని సొరుగులోని సామాను, అందులో వేంకటేశ్వరస్వామి చిన్న పటంతో సహా, అట్టపెట్టెలో సర్ది రిసెప్షన్‌కు పంపారు. అతను మా ప్రింటు కాగితాలు చదివేవాడు కాదు. “మనకు తెలిసిందేగా బావా, మళ్లీ చదవడం ఎందుకు?” అనేవాడు. అతనన్నదీ నిజమే. పోయే ఉద్యోగం ఎందుకు పోతోందో తెలిసినంత మాత్రాన అది ఆగదు. అయినా తెలియాలనిపించేది.

కాలింగ్ కార్డుల సంగతి ఎత్తకుండా ఈ కథ నడవదు. ఇండియన్ షాపులో క్యాష్ కౌంటరు వెనక, అగరుబత్తి కట్టల పక్కన, తాజ్‌మహల్ బొమ్మతోనో పులి బొమ్మతోనో వేలాడే అట్టముక్కలు. అయిదు డాలర్లది, పది డాలర్లది. నాణెంతో గీకితే బూడిద రంగు పొడి రాలి కింద పిన్ నంబరు కనిపించేది. ముందు టోల్ ఫ్రీ నంబరు, తర్వాత పిన్, తర్వాత 011, 91, ఊరి కోడ్, ఇంటి నంబరు. ఇంత పొడుగు అంకెలు నొక్కాక ఒక్కటి తప్పితే మళ్లీ మొదటికి. మీకింకా ఇన్ని నిమిషాలున్నాయని ఒక ఆడగొంతు ఉదారంగా చెప్పేది, మాట్లాడుతుంటే అందులో సగం కూడా రాకుండానే కట్. కనెక్షన్ ఫీజు, నిర్వహణ ఫీజు, మూడేసి నిమిషాల లెక్కన కోత, ఇవన్నీ కార్డు వెనక చీమ తలంత అక్షరాల్లో ఉండేవి. అవతల నరసరావుపేటలో పసుపు బోర్డు ఎస్టీడీ బూత్‌లో, గాజు తలుపు చెక్క గదిలో ఉక్కపోతలో నిలబడి మా అమ్మ. ఇంట్లోవాళ్లు ఫలానా టైముకి వచ్చి కూర్చుంటామని ముందు ఉత్తరంలో రాస్తే మేం అప్పుడు చేసేవాళ్లం. నిమిషం ధర ఏటికేడు అలా పడిపోతూ వస్తుంటే అది దేవుడి దయ అనుకున్నాంగానీ, ఆ దయ వెనక దివాలా తీసిన కంపెనీల అప్పుపత్రాలున్నాయని తెర మీద చదివాకే తెలిసింది. ఆ కార్డులు ఇప్పుడు లేవు, పోయినందుకు బెంగా లేదు. పోయిందల్లా నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడటంలోని ఆ ఒద్దిక. ఆ ఒద్దిక కూడా భయంతో వచ్చిందేగానీ ప్రేమతో వచ్చింది కాదు.

పత్రికల విషయానికొస్తే, 2000లో అమెరికాలో టెక్నాలజీ పత్రికలు ఇటుకల్లా ఉండేవి. ఇండస్ట్రీ స్టాండర్డ్ అనే వారపత్రిక ఆ ఏడాది అక్కడ మరే పత్రికా అమ్మనన్ని ప్రకటన పేజీలు అమ్మింది, మరుసటి ఏడాది ఆగస్టులో మూతపడింది. రెడ్ హెరింగ్ 2003లో ఆగింది. తర్వాత ఓం మాలిక్ చేరిన బిజినెస్ 2.0 కూడా 2007 అక్టోబరు సంచికతో అయిపోయింది. ప్రకటనలిచ్చే కంపెనీలు పోతే ఆ కంపెనీల గురించి రాసే పత్రికలూ పోతాయి, ఇందులో వింతేం లేదు. హైదరాబాదు వచ్చాక అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద, గైడ్లు, మిల్స్ అండ్ బూన్స్, రీడర్స్ డైజెస్ట్‌ల మధ్య ఆ ఇటుకల్లో ఒకటి నాకు దొరికింది. లోపల అన్నీ రెండు పేజీల నిండు ప్రకటనలు, అందులో ఉన్న కంపెనీల్లో ఒక్కటీ బతికి లేదు. కానీ పత్రిక మాత్రం చేతిలో ఉంది, చెదపట్టని అట్టతో.

ఉద్యోగం పత్రికలో చేస్తూనే, 2001 ప్రాంతంలో, ఆయన తనకోసం సొంతంగా ఒక సైటు మొదలుపెట్టాడు. గిగాఓం. ఎడిటరు లేడు, గడువు లేదు, నిడివి లేదు. కొత్తది పైన, పాతది కింద, ప్రతిదానికీ తేదీ. పొద్దున రాసిందాంట్లో కొత్త సంగతి తెలిస్తే సాయంత్రం దాని కిందే చేర్చేవాడు. కొన్ని రోజులు నాలుగు వాక్యాలే, ఒక్కోసారి ఫలానా వ్యాసం చదవండి అని దారి చూపించి ఊరుకోవడమే. ఈ తీరు ఇవాళ ఏముంది అందులో అనిపిస్తుంది. అప్పుడు మాకు అలవాటైన పత్రిక పై నుంచి దిగివచ్చేది, రాసినవాడికి ముఖం ఉండేది కాదు. ఇక్కడ ఒక మనిషి ఆలోచిస్తూ ఉండగానే మనం చదువుతున్నాం. బిజినెస్ 2.0లో ఉన్నప్పుడు 2005లో, గూగుల్ ఆ పనికిరాని డార్క్ ఫైబర్‌ను చవగ్గా కొని పోగేస్తోందని, ఎందుకై ఉంటుందో ఊహిస్తూ రాశాడు. తీగల మీద అంత శ్రద్ధ అప్పటికి ఎక్కువమందికి లేదు. అందరూ తెర మీద కనిపించే బొమ్మల గురించి రాస్తుంటే ఈయన మట్టి కింద ఏముందో చూసేవాడు. అదే ఆయన గొప్ప అని నా లెక్క.

మేం అవన్నీ గూగుల్ రీడర్‌లో చదివేవాళ్లం. పొద్దున్నే ఆఫీసులో కాఫీ మగ్గు పక్కన పెట్టుకుని ఎడమవైపు వరసలో బొద్దు అక్షరాల్లో సైట్ల పేర్లు, పక్కన బ్రాకెట్లో చదవనివెన్నో, ఒక్కోటీ నొక్కుతుంటే బొద్దు అక్షరాలు సన్నబడుతూ, చివరికి వరస మొత్తం సన్నబడ్డాక ఇవాళ్టికి చదువు అయిందన్న నిండుతనం. చదవడానికి ఒక అంచు ఉండేది. 2013 జూలై 1న గూగుల్ దాన్ని ఆపేసింది. ఇప్పుడు వార్త దానంతటదే వస్తుంది, ఆగకుండా వస్తుంది, ఏది నిన్నటిదో ఏది మొన్నటిదో తెలియకుండా వస్తుంది. అలాగని అప్పటిదంతా సక్రమంగా ఉండేదని కాదు. మేం ఎంచుకున్న సైట్లన్నీ ఇంగ్లీషువి, రాసేవాళ్లు దాదాపు అందరూ శాన్‌ఫ్రాన్సిస్కో నాలుగు వీధుల్లో ఒకరినొకరు కాఫీకి పిలుచుకునేవాళ్లు. మా ఎంపిక అనుకున్నది చాలామటుకు వాళ్ల ఎంపికే.

ఇదే కాలంలో ఇంకో సైటు ఉండేది, ఆనంద్‌టెక్. ఆనంద్ లాల్ షింపీ అనే పిల్లవాడు 14 ఏళ్ల వయసులో, 1997లో మొదలుపెట్టాడు. ప్రాసెసర్లు, మదర్‌బోర్డులు, గ్రాఫిక్స్ కార్డులు, వాటి వేగాల పట్టికలు. హైదరాబాదులో దాని ఉపయోగం ఏమిటో చెప్పాలంటే సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చెప్పాలి. సీటీసీ అంటేనే తెలుస్తుంది అందరికీ. ఇరుకు మెట్లు, టంకం వాసన, థర్మోకోల్ ముక్కలు, ఎక్కడ చూసినా స్క్రూలు పోసిన ప్లాస్టిక్ డబ్బాలు, చేత్తో రాసి జిరాక్స్ తీసిన ధరల పట్టీలు. ఇంజినీరింగ్ పిల్లలు నెట్ సెంటర్‌లో గంటకింతని కట్టి, ఆ సైటులోంచి నాలుగు పేజీలు ప్రింటు తీసి, జేబులో మడిచి తెచ్చి, షాపాయన అంటగట్టబోయిన బోర్డు వద్దని ఆ కాగితం చూపించి బేరమాడేవారు. షాపాయన కాగితం వంక చూసి, “ఇది అమెరికా రేటు తమ్ముడూ, ఇక్కడ నడవదు” అనేవాడు. కానీ ఆ పిల్లవాడికి సంగతి తెలుసని ఆయనకూ తెలిసిపోయేది, ధర కాస్త దిగేది. ఆనంద్‌టెక్ 27 ఏళ్లు నడిచి 2024 ఆగస్టు 30న ఆగిపోయింది. ఇంత ఓపిగ్గా ఒక వస్తువును విప్పి, కొలిచి, పట్టిక కట్టి రాసే పనికి డబ్బు చెల్లేలా లేదు. వీడియోలో పెట్టె విప్పి చూపిస్తే చాలు.

ఓం మాలిక్ 2006 జూన్‌లో పత్రిక ఉద్యోగం వదిలేసి, ట్రూ వెంచర్స్ పెట్టుబడి తీసుకుని, గిగాఓంను కంపెనీ చేశాడు. సొంత పేజీకి జీతాలివ్వాల్సిన మనుషులు వచ్చారు, సదస్సులు వచ్చాయి, టిక్కెట్లు వచ్చాయి. 2007 డిసెంబరు 28న గుండెపోటు వచ్చింది, 41 ఏళ్లకు. కోలుకుంటూ ఆ సంగతి తనే తన సైటులో రాశాడు. సిగరెట్లు, చుట్టలు, నిద్రలేమి, ఆగని పని. ఇంటర్నెట్ విలేకరితనంలో ఈ భాగాన్ని జ్ఞాపకాలు రాసేవాళ్లు పక్కకు నెట్టేస్తుంటారు. అచ్చు పత్రికకు రాత్రి ఫలానా గంటకు పేజీలు వెళ్లిపోతాయి, ఆ తర్వాత విలేకరి ఇంటికి పోవచ్చు. తెర పత్రికకు ఆ గంట లేదు. పక్క సైటువాడు మూడు నిమిషాల ముందు వేస్తే మనం వెనకబడ్డట్టే. ఆ మూడు నిమిషాల కోసం వాళ్లు ఏమేం ఒడ్డారో మేం ఇక్కడ కాఫీ తాగుతూ బొద్దు అక్షరాలు సన్నబరుచుకుంటున్నప్పుడు మాకు తట్టలేదు. 2014లో ఆయన రోజువారీ రాతపని మానేసి ట్రూ వెంచర్స్‌లోనే భాగస్వామిగా వెళ్లిపోయాడు. కంపెనీల గురించి రాసేవాడు కంపెనీల్లో డబ్బు పెట్టేవాడు కావడం నాకంత రుచించలేదు. అయితే రాసి బతకడం కష్టమైనప్పుడు ఎవరినీ తప్పుపట్టలేం.

ఈలోగా మట్టి కింద, నీళ్ల కింద పడుకున్న తీగల సంగతి వేరే దారి పట్టింది. వాటిని వేసిన కంపెనీల్లో కొన్ని పోయాయిగానీ తీగలు ఎక్కడికీ పోలేదు. అప్పులవాళ్లు, మిగిలిన కంపెనీలవాళ్లు వాటిని వచ్చినకాడికి అమ్ముకున్నారు. 200 కోట్ల డాలర్లకు పైగా పోసి టైకో కంపెనీ సముద్రాల కింద వేసిన 60,000 కిలోమీటర్ల తీగను, 2002లో టాటాల చేతికొచ్చిన టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ 13 కోట్ల డాలర్లకు కొనేసింది. 2004లో బేరం, 2005లో స్వాధీనం. బ్రిటన్ నుంచి ముంబై మీదుగా జపాన్ దాకా ఉన్న ఫ్లాగ్ కేబుల్‌ను రిలయన్స్ 20.7 కోట్ల డాలర్లకు తీసుకుంది. చెన్నై నుంచి సింగపూర్‌కు 2002లో భారతి, సింగ్‌టెల్ కలిసి ఇంకోటి వేశాయి. మధ్యలో సముద్రమున్నా లేనట్టే మాట, డేటా చవకైపోయాయి. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ చుట్టూ మాదాపూర్, గచ్చిబౌలి అలా లేచాయంటే ప్రభుత్వాల చొరవ, అమీర్‌పేట కోచింగులు, మన పిల్లల కష్టం అన్నీ ఉన్నాయి. వాటితోపాటు, అమెరికా షేర్‌హోల్డర్లు పోగొట్టుకున్న సొమ్ముతో పరిచిన ఈ తీగలూ ఉన్నాయి. వెయ్యి మందికి వండిన ఆ పెళ్లి భోజనం పారబోయలేదు, మన విస్తట్లో పడింది. రిచర్డ్‌సన్‌లో బ్యాడ్జి చెల్లని మా వాడు తర్వాత గచ్చిబౌలిలో ఒక కాల్ సెంటర్‌కు నెట్‌వర్క్ మేనేజరుగా చేరాడు. అమెరికాలో ఎవరి ఇంట్లోనో ఇంటర్నెట్ రావట్లేదంటే మాట్లాడే కాల్ సెంటర్ అది. దీన్ని తలచుకుని అతను నవ్వేవాడు, మరీ అంత హాయిగా కాదు.

గిగాఓం 2015 మార్చి 9న, ఒక సోమవారం, మూతపడింది. అప్పులవాళ్లకు పూర్తిగా కట్టలేకపోతున్నాం, పనులన్నీ ఆపేస్తున్నాం అని సైటు మీద ఒక చిన్న ప్రకటన. అక్కడ పనిచేసేవాళ్లకు కూడా ముందస్తు కబురు పెద్దగా లేదు. ఎవరి అప్పుల గురించి రాసి ఆయన పేరు తెచ్చుకున్నాడో వాళ్లు పోయిన దారే ఇది, కాకపోతే చాలా చిన్న అంకెలతో. ఆ పేరును తర్వాత వేరేవాళ్లు కొన్నారు. ఇప్పుడు ఆ బోర్డు కింద కంపెనీలకు సలహా నివేదికలు రాసే సంస్థ ఒకటి నడుస్తోంది. పాత రాతల్లో ఏదైనా తెరిచి నీలం అక్షరాల మీద నొక్కితే చాలాసార్లు ఎటూ పోదు. ఆయన దారి చూపించిన ఇళ్లు చాలామటుకు కూలిపోయాయి. ఇది ఆయనొక్కడి సంగతీ కాదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో నూటికి 38 పదేళ్లు తిరిగేసరికి కనపడకుండా పోయాయని ప్యూ పరిశోధన సంస్థ 2024లో తేల్చింది. అబిడ్స్ పేవ్‌మెంటు మీద దొరికిన ఇటుక పత్రికలో చచ్చిన కంపెనీల ప్రకటనలు కూడా చెక్కుచెదరకుండా ఉంటే, ఆ కాలంలోనే ఓం మాలిక్ తెర మీద రాసినవాటిలో చాలా వాక్యాలకు ఆధారాలు లేవు. ఆయన 2003లో అచ్చేయించిన పుస్తకం మాత్రం నా అలమరలో ఉంది. ఓం మాలిక్ ఆ తర్వాత కూడా రాత మానలేదు, తన పేరున్న సొంత సైటులోకి మారాడు. ఫొటోలు తీస్తాడు, వాటి గురించి రాస్తాడు.

మన తెలుగు సంగతి ఇంతకన్నా అన్యాయం. 1998 నవంబరులో సత్యం ఇన్ఫోవే దేశంలో మొదటి ప్రైవేటు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం మొదలెట్టిన రోజుల్లోనే తెలుగు పేజీలు తెర మీద ఉన్నాయి. అదే కంపెనీ 1999 అక్టోబరులో నాస్‌డాక్ ఎక్కి, నవంబరులో ఇండియావరల్డ్ అనే సైట్ల గుంపును 499 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు మన దినపత్రికలు మొదటి పేజీలో వేసి, ఇంటర్నెట్ అంటే ఏమిటో పెట్టె కట్టి వివరించాయి. అప్పట్లో ఏ పత్రిక సైటు తెరవాలన్నా ముందు ఆ పత్రిక ఫాంటు దించుకోవాల్సి వచ్చేది. డయలప్ మీద అదొక పూట పని. ఒక పత్రిక ఫాంటు ఇంకో పత్రికకు పనికొచ్చేది కాదు. ఫాంటు లేకపోతే తెలుగు బదులు అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరస కనిపించేది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి, యూనికోడ్ మెల్లిగా అలవాటై, ఇప్పుడు ఫోనులో తెలుగు దానంతటదే కనపడుతుంటే ఆ బాధ ఎవరికీ గుర్తులేదు, గుర్తుండాల్సిన అవసరమూ లేదు. కానీ ఆ నడుమ పదేళ్లలో తెలుగులో కంప్యూటర్ గురించి, హైటెక్ సిటీ గురించి, అమెరికాలో ఉద్యోగాలు పోతున్న రోజుల గురించి తెర కోసమే రాసినవాళ్లు ఉన్నారు. ఆ రాతల్లో ఎన్నో ఆ ఫాంటులతోపాటే పోయాయి. కొన్ని జియోసిటీస్‌లో ఉండేవి, 2009 అక్టోబరులో దాన్ని మూసేసినప్పుడు అవీ పోయాయి. రాసినవాళ్ల పేర్లు ఓం మాలిక్ పేరులా ఎక్కడా నమోదు కాలేదు.

మీ అటక మీద ఆ కాలపు సీడీలో, పాత హార్డ్ డిస్కులో ఉంటే అమ్మేసేముందు ఒకసారి పెట్టి చూడండి. సేవ్ చేసుకున్న తెలుగు పేజీలు కనపడితే ఆ పేజీలతోపాటు ఆ ఫాంటు ఫైలు కూడా కలిపి దాచండి. ఫాంటు లేకుండా పేజీ ఒక్కటే దాస్తే చదవడం కుదరదు.